గోరువెచ్చని పాలు

నా బంగారు పిల్లలకు,

తాతయ్య వందనాలు, ముద్దులు. మొన్న ఫోన్లో బుజ్జి అడిగింది: "సండే స్కూల్లో అక్క రోజుకొక దయగల పని చేసి రమ్మంది తాతయ్యా. సోమవారం నుంచీ వెతుకుతున్నా, సాయం కావలసినవాళ్లు ఎవరూ దొరకడం లేదు. ఏం చెయ్యను?" నాకు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. ఫోన్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను.

యేసయ్య చెప్పిన మంచి సమరయుడి కథ మీకు కంఠతా వచ్చు. అయినా బైబిల్లో లూకా సువార్త 10వ అధ్యాయం ఇంకోసారి చదవండి. ఆయన సాయం చేద్దామని బయల్దేరలేదు, తన ప్రయాణంలో తాను ఉన్నాడు. దెబ్బలు తిని పడి ఉన్న మనిషిని యూదుల ఆలయంలో పూజ జరిపే యాజకుడూ చూశాడు, అక్కడే సేవ చేసే లేవీయుడూ చూశాడు. ఆగింది మాత్రం సమరయుడే. యూదులకూ సమరయులకూ పొసగని రోజులవి. నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. పూటకూళ్లవాడికి రెండు దేనారాలిచ్చాడు. దేనారమంటే అప్పట్లో ఒక రోజు కూలి. పైగా "ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తాను" అన్నాడు. నాకు అన్నిటికన్నా ఆ మాటే ఇష్టం.

ఇవాళ రాత్రి అమ్మ పాలు తోడు పెడుతుంటే పక్కన నిలబడి చూడండి. గిన్నెడు పాలకు ఒక్క చెంచాడు పెరుగు వేస్తుంది. పాలు మరీ వేడిగా ఉన్నా తోడుకోవు, చల్లారిపోయినా తోడుకోవు, గోరువెచ్చగా ఉండాలి. మన దయా అంతే. నలుగురూ చూడాలని హడావిడిగా చేస్తే అవతలివాడు ముడుచుకుపోతాడు, హోంవర్కులా మొక్కుబడిగా చేస్తే వాడికి అందదు. తోడు వేశాక గిన్నె కదపకూడదు. అలాగే మన పెన్సిల్ తీసుకున్నవాడిని మర్నాడు "నేనిచ్చాను గుర్తుందా" అని కదిలించకూడదు. చలికాలం ఆలస్యంగా తోడుకుంటుంది, కొందరు మనుషులూ అంతే, ఓపిక పట్టాలి. పొద్దున్నే గిన్నె ఊడ్చేయకుండా మళ్లీ రాత్రికి చెంచాడు ఉంచుకోవాలి. యేసయ్య కూడా వంటింటి మాటే చెప్పారు చూడండి, మూడు కుంచాల పిండిలో ఒకావిడ దాచి, పిండంతా పొంగేలా చేసిన పుల్లని పిండి గురించి.

మా నాయనమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి మూలనున్న డాల్డా డబ్బాలో వేసేది. గింజలు అడుగంటిన రోజు పిడికిలి చిన్నదయ్యేది గానీ వెయ్యడం మానేది కాదు. ఆదివారం ఆ బియ్యం చర్చికి, అక్కణ్ణించి పొయ్యి వెలగని ఇళ్లకు వెళ్లేవి. ఆమెది ఒంగోలు దగ్గర పల్లె. 1876-78 నాటి ధాత కరువు సంగతి పెద్దవాళ్ల నోట విని మాకు చెప్పేది. మిషనరీ క్లౌ దొర ఊరికే గంజి పోసి ఊరుకోలేదట. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని, అంటే క్రైస్తవుల్లో చేర్చుకోమని, వచ్చినవాళ్లను మాత్రం కరువు పోయేదాకా ఆగమన్నాడు. కూటి కోసం ఎవరూ నమ్మకం మార్చుకోకూడదని. ఆ తర్వాత, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య చెప్పేటప్పుడు నాయనమ్మ గొంతు పెరిగేది. నాకు మాత్రం ఆ "ఆగండి" అన్న మాట దగ్గరే మనసు ఆగిపోతుంది. అన్నం పెట్టే చెయ్యి బదులుగా ఏమీ అడగకపోవడం ఎంత పెద్ద సంగతి!

బుజ్జీ, ఇక నువ్వు వెతకొద్దు. రేపు లంచ్ బెల్ కొట్టాక ఒక్క నిమిషం డబ్బా మూత తియ్యకుండా చుట్టూ చూడు. ఎవరు ఒక్కరే కూర్చున్నారు? ఆదివారం ఆరాధన అయ్యాక పరుగెత్తకుండా మీరంతా గుమ్మం దగ్గర నిలబడండి. చాపలు చుట్టే ఆవిడ పేరేమిటి? మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు ఏ క్లాసు?

ఆ పేర్లు నాకు రాసి పంపండి, ప్రార్థనలో తలుచుకుంటాను. వాళ్ల కోసం ఏం చేశారో మాత్రం నాకు రాయక్కర్లేదు.

మీ తాతయ్య