నైలు గేజి చూడని సైన్యం

జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు ముస్లిం రాజ్యాల మీద చేసిన దండయాత్రలే క్రూసేడులు. వాటిలో అయిదోది ఎందుకు ఓడిపోయిందంటే పాఠ్యపుస్తకాలు మనుషుల పేర్లే చెబుతాయి. పోపు ప్రతినిధి పెలేజియస్ మొండివాడు, జెరూసలేం రాజు జాన్‌కూ ఆయనకూ పడలేదు, వస్తానన్న చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ రానేలేదు. ఇవన్నీ నిజాలే. అయినా 1221 ఆగస్టు చివర్లో ఆ సైన్యాన్ని దారి మధ్యలో నిలబెట్టి లొంగదీసింది నైలు నీళ్లు. అవి ఎప్పుడొస్తాయో, ఎంతొస్తాయో ఈజిప్టులో పన్ను కట్టే ప్రతి రైతుకూ తెలుసు. దండెత్తి వచ్చినవాళ్లు మూడేళ్లు నది ఒడ్డునే మకాం వేసి కూడా ఆ లెక్క పట్టించుకోలేదు.

కథ క్లుప్తంగా ఇదీ. ఈజిప్టు చేతికొస్తే జెరూసలేం దానంతటదే వస్తుందని లెక్కేసి 1218 మే నెలాఖరున క్రూసేడర్లు నైలు తూర్పు పాయ మీదున్న డామియెట్టా అనే రేవు పట్టణం ముందు దిగారు. ఆ లెక్కలో తప్పేం లేదు. నదిలో ఒక బురుజు, దాని నుంచి ఊరి గోడ దాకా ఇనుప గొలుసు ఓడల్ని ఆపేసేవి. రెండు ఓడల్ని పక్కపక్కన బిగించి, వాటి మీద చెక్క బురుజు లేపి, పైనుంచి వంతెన దించి ఆగస్టులో ఆ బురుజును పట్టుకున్నారు. ఆ యంత్రం ఆలోచన ఒలివర్ అనే జర్మన్ మతాచార్యుడిది. ఈ దండయాత్ర గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం రాసిపెట్టిందీ ఆయనే. ఆ చలికాలంలో శిబిరంలో జనానికి కాళ్లు నొప్పులు పుట్టి, చిగుళ్లు వాచి నల్లబడ్డాయి, చాలామంది చచ్చిపోయారు. లక్షణాలన్నీ స్కర్వీవే. తాజా కూరలూ పళ్లూ లేకపోతే ఒంట్లో ఉన్న విటమిన్ సి నిల్వ రెండు మూడు నెలల్లో ఖాళీ. 1219 నవంబర్ 5న ఊరు పడింది. ఆ తర్వాత ఇరవై నెలలు సైన్యం కదల్లేదు. ఫ్రెడరిక్ కోసం ఎదురుచూపు. నది బాగా తగ్గి ఉండే జనవరి–జూన్ కాలం అలా రెండుసార్లు చేజారింది.

ఇప్పుడు నది సంగతి. తెల్ల నైలు ఏడాది పొడవునా ఇంచుమించు ఒకేలా పారుతుంది. దాని నీళ్లలో దాదాపు సగం దక్షిణ సూడాన్‌లోని సడ్ చిత్తడినేలల్లోనే ఆవిరైపోతాయి. వరదంతా నీలి నైలు, అత్బరా అనే మిగతా రెండు నదులు తెచ్చేది. రెండూ ఇథియోపియా పీఠభూమి నుంచి దిగుతాయి, అక్కడ వానలు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా. పెద్ద ఆనకట్టలు కట్టక ముందు అస్వాన్ దగ్గర మే నెలలో రోజుకు సగటున సుమారు నాలుగున్నర కోట్ల ఘనమీటర్ల నీరు పారేది. సెప్టెంబర్ మొదట్లో అది 71 కోట్లకు చేరేది. మన లెక్కలో చెప్పాలంటే 18 వేల క్యూసెక్కుల నుంచి 2 లక్షల 90 వేలకు, పదహారు రెట్లు.

గోదావరి చూసినవాళ్లకు ఈ అంకె ఆనదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి. తేడా పరిమాణంలో కన్నా తీరులో ఉంది. గోదావరి నాలుగు రోజుల్లో ఎక్కి నాలుగు రోజుల్లో దిగుతుంది, ఒకే వానాకాలంలో అలా రెండు మూడుసార్లు. నైలుకు ఏడాదికి ఒక్కటే పోటు. జులై మొదట్లో కైరో దగ్గర మొదలై రెండు మూడు నెలలు ఎక్కుతూనే పోయి, ఆరేడు మీటర్లు లేచి, వారాల తరబడి నిలుస్తుంది. ఇంత నిదానమైన వరదను ముందే పసిగట్టడం తేలిక. అంత తేలికైన దానికి చిక్కుకోవడమే ఈ కథలో వింత.

ఇథియోపియా వానలకూ మన నైరుతికీ చుట్టరికం ఉంది. పసిఫిక్ సముద్రపు నీళ్లు వేడెక్కే ఎల్ నినో బలంగా ఉన్న ఏడాది రెండూ తగ్గుతాయి. మనవైపు ధాత కరువు నడుస్తున్న 1877లో నైలు వరద కూడా దారుణంగా పడిపోయింది. భారత వాతావరణ శాఖలో గిల్బర్ట్ వాకర్ రుతుపవనాల అంచనా కోసం వేసిన సహసంబంధాల లెక్కల్లో నైలు వరద కూడా ఒక అంశం.

ఈ నీటిని కొలిచే గేజి కైరోలోని రోదా దీవిలో ఉంది. 861లో కట్టిన రాతి గుంట, మధ్యలో ఎనిమిది పలకల పాలరాతి స్తంభం, మూడు వేర్వేరు ఎత్తుల్లో నదిలోకి సొరంగాలు. స్తంభం మీద మూరల గీతలు. మూర అంటే సుమారు 54 సెంటీమీటర్లు, దాన్ని మళ్లీ 24 వేళ్లుగా విభజించారు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మనం ఎలా చెవులు రిక్కించి వింటామో, అక్కడ జనం 16 మూరల కోసం అలా ఎదురుచూసేవారు. కాకపోతే 16 దాటితే అక్కడ పండగ. అది దాటకపోతే పొలాలకు నీరెక్కదు, పన్ను వసూలు కాదు, ఆ ఏడు కరువే. అంతకు ముందెప్పుడో ఈజిప్టును ఏలిన ఫాతిమిద్ వంశపు ఖలీఫా అల్-ముయిజ్ 16 మూరలు నిండేదాకా రోజువారీ మట్టాన్ని బయటికి చాటొద్దని ఆజ్ఞ వేశాడు, వ్యాపారులు ధాన్యం దాచేస్తున్నారని. జూన్ మధ్యలో ఒక రాత్రి ఆకాశం నుంచి పడే ఒక్క చుక్కతోనే పోటు మొదలవుతుందని నమ్మకం కూడా ఉండేది. నమ్మకం సంగతి ఎలా ఉన్నా తేదీ మాత్రం సరిగ్గానే కుదిరింది.

16 మూరలు నిండాక చేసే పని మన కథకు కీలకం. డెల్టా పొలాలన్నీ గట్లు కట్టిన పెద్ద పెద్ద మడులు. కాలువల నోళ్లకు మట్టి కట్టలు వేసి ఉంచుతారు. మట్టం రాగానే కట్టలు వరసగా తెంచుతారు, మడిలో మీటరు నుంచి మీటరున్నర నీరు నిలుస్తుంది, నెలన్నర ఉంచి వదిలేస్తారు, ఒండ్రు మిగులుతుంది. ఎక్కడ తెంచితే నీరు ఎటు వెళ్తుందో ఊరి కాలువ మనుషులకు కంఠస్థం. క్రూసేడర్లను ఎదుర్కొన్న ఈజిప్టు సుల్తాన్ అల్-కామిల్ కొత్త ఆయుధమేమీ కనిపెట్టలేదు. ఏటా రైతుల కోసం చేసే పనినే శత్రువు మీద చేశాడు.

తేదీలు చూడండి. డామియెట్టాకు ఎగువన ఫారిస్కూర్ దగ్గర కూడిన క్రూసేడర్ల సైన్యం 1221 జులై 17న కదిలింది. అది జూలియన్ క్యాలెండరు. ఆ శతాబ్దంలో దానికీ నేటి క్యాలెండరుకూ తేడా ఏడు రోజులు, కాబట్టి మన లెక్కలో జులై 24. పోటు మొదలై అప్పటికే మూడు వారాలు. ముందుకు వెళ్లొద్దన్న జాన్ మాట చెల్లలేదు. వారంలో మన్సూరా ఎదురుగా దిగారు. ఇరవై నెలల విరామంలో అల్-కామిల్ ఆ చోట ఒక కోట ఊరే కట్టేసుకున్నాడు.

చోటు ఎలాంటిదంటే, పడమర నైలు పాయ, దక్షిణాన దాని నుంచి చీలి ఈశాన్యంగా మంజాలా సరస్సుకు పోయే అష్మూమ్ కాలువ, ఆవల సరస్సు. క్రూసేడర్ల శిబిరం ఆ త్రిభుజం మొనలో. తిండి అంతా డామియెట్టా నుంచి పడవల మీద రావాలి. మనిషికి రోజుకు కిలో ధాన్యం, గుర్రానికి నాలుగైదు కిలోల గింజలు, పైన గడ్డి. వేలమందికి ఇంత సరుకు శత్రుదేశంలో బండ్ల మీద లాగడం అయ్యే పని కాదు. నైలు మీద ఉత్తరపు గాలికి తెరచాప ఎత్తితే పడవ ఎగువకు పోతుంది, దించితే ప్రవాహమే దిగువకు తెస్తుంది. ఇంతకన్నా సుఖమైన సరఫరా దారి ఉండదు, నది మీ చేతిలో ఉన్నంతవరకు.

చేజారిందిలా. వచ్చేటప్పుడు ఎదుటి ఒడ్డున మహల్లా కాలువ నదిలో కలిసే చోటు దాటుకునే వచ్చారు. అప్పుడది పడవ నడవని చిన్న వాగు, అందుకే కాపలా పెట్టలేదు. ఇలాంటి కాలువ పైనోరు ఒండ్రుతో మెరక వేసి, నది కనిష్ఠ మట్టం కన్నా ఎత్తులో ఉంటుంది. నది ఆ మెరక దాటే దాకా లోపలికి నీరు పోదు. దాటిందంటే మాత్రం ఒక్కో అడుగుకూ కాలువ లోతు అంతే పెరుగుతుంది. ఆగస్టులో ఆ వాగు ఓడలు తిరిగే కాలువైంది. అల్-కామిల్ పడవలు అందులోంచి దిగి క్రూసేడర్లకూ డామియెట్టాకూ మధ్య నదిలో తేలాయి. సిరియా నుంచి వచ్చిన అతని తమ్ముళ్ల సైన్యాలు నేల దారినీ మూసేశాయి.

ఇంత సాహసం ఎందుకంటే, జోస్యాలు కూడా ఒక చెయ్యి వేశాయి. డామియెట్టాలో దొరికిన ఒక అరబ్బీ గ్రంథాన్ని పెలేజియస్ సైన్యానికి చదివి వినిపించాడు. తూర్పు నుంచి డేవిడ్ అనే క్రైస్తవ రాజు సాయానికి వస్తున్నాడని పుకారు, నిజానికి అక్కడ దండెత్తుతున్నది చెంగిజ్ ఖాన్. దక్షిణం నుంచి నూబియా క్రైస్తవ రాజు కూడా వస్తాడని జోస్యం. నూబియా మీదుగా వరద తప్ప ఎవరూ రాలేదు.

ఆగస్టు 26 రాత్రి గుట్టుగా వెనక్కి మళ్లాలనుకున్నారు. మోయలేని ద్రాక్షసారా పారబోయడం ఇష్టంలేక సైనికులు తాగేశారు, కొందరు గుడారాలకు నిప్పంటించారు. మంటలు చూసి అవతలివాళ్లు లేచారు. అల్-కామిల్ గట్లు తెంచమన్నాడు. డెల్టాలో వాలు కిలోమీటరుకు పది సెంటీమీటర్లే, పైగా ఏటా ఒండ్రు పడి నది అంచు మెరకగా, దూరం పోయేకొద్దీ నేల పల్లంగా ఉంటుంది. అంచున గండి పడితే నీరు నదిలోకి తిరిగి రాదు, పల్లంలో పరుచుకుని అక్కడే నిలుస్తుంది. ఆ మట్టి కూడా మామూలుది కాదు. ఇథియోపియా పీఠభూమిది మన దక్కనుకు మల్లే బసాల్టు రాయి. అది అరిగి వచ్చే బంకమట్టిలో స్మెక్టైట్ అనే ఖనిజం ఎక్కువ. ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే పొరల మధ్య నీరు పీల్చి ఉబ్బుతుంది, రేగడిలో బండి దిగబడ్డట్టు కాళ్లూ గిట్టలూ దిగబడతాయి. గుర్రాన్ని నమ్ముకున్న కవచధారికి ఇంతకన్నా చెడ్డ నేల లేదు.

రెండు రోజుల్లో పెలేజియస్ రాయబారం పంపాడు, 30న ఒప్పందం కుదిరింది. డామియెట్టా తిరిగి ఇవ్వడం, ఎనిమిదేళ్ల సంధి. బందీలైన సైన్యానికి అల్-కామిల్ తిండి కూడా పంపాడు, ఒలివర్ దాన్ని కృతజ్ఞతతో రాసుకున్నాడు. సెప్టెంబర్ 8న ఊరు అప్పగించారు.

1249 జూన్‌లో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ మళ్లీ డామియెట్టాలో దిగాడు. ఊరు వెంటనే చిక్కినా వరద పూర్తిగా తీసేదాకా ఆగి నవంబర్ 20న కదిలాడు. పోటు లెక్క సరిగ్గానే వేశాడు. కానీ మళ్లీ అదే త్రిభుజంలో, అదే మన్సూరా ఎదుట ఇరుక్కున్నాడు. ఈసారి ఈజిప్షియన్లు కాలువ నిండేదాకా ఆగలేదు. పడవల్ని ముక్కలుగా విప్పి ఒంటెల మీద మోయించి, అతని వెనక నదిలో దించారు. తిండి పడవలు ఆగిపోయాయి, శిబిరంలో మళ్లీ చిగుళ్లు వాచాయి, 1250 ఏప్రిల్‌లో లూయీ బందీగా చిక్కాడు.