పూలు నాటినా సీతాకోకచిలుకలు ఎందుకు నిలవవు? అపోహలు - వాస్తవాలు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచలో నర్సరీ నడుపుతున్నాను. తొలకరి పడగానే అహేరి నుంచి, బల్లార్షా క్వార్టర్ల నుంచి వచ్చేవాళ్లు అడిగేది ఒకటే: "సీతాకోకచిలుకలు వచ్చే పూల మొక్కలు ఇవ్వండి." ఇస్తాను. ఆ తర్వాత ఆకులకు చిల్లులు పడ్డాయి, మందు చెప్పమని వచ్చేదీ వాళ్లే!

అపోహ: రంగురంగుల పూలుంటే చాలు.

పూలుంటే వస్తాయి, తేనె తాగి పోతాయి. నిలవాలంటే గుడ్లు పెట్టడానికి తగిన ఆకు కావాలి. ఒక్కో జాతి పిల్లలు, అంటే గుడ్డులోంచి వచ్చే పురుగులు, కొన్ని మొక్కల ఆకులే తింటాయి. కరివేపాకు, నిమ్మ ఉంటే నిమ్మ సీతాకోకచిలుక వస్తుంది. ఆముదం మీద కామన్ క్యాస్టర్, ఈశ్వరి తీగ మీద ఎర్ర ఒళ్లున్న క్రిమ్సన్ రోజ్ గుడ్లు పెడతాయి.

బతుకమ్మకు తెచ్చే తంగేడునే చూడండి. ఆ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే. అది తేనెటీగలకు పనికొస్తుంది. లేత ఆకుపచ్చ కలిసిన తెల్లటి ఎమిగ్రెంట్ సీతాకోకచిలుకలు ఆ చెట్టును వదలకుండా తిరిగేది ఆకు మీద గుడ్డు పెట్టడానికి. గునుగు పువ్వులో తేనె ఉంటుంది. కాబట్టి తంగేడు పక్కనే గునుగు చల్లండి, తల్లికీ పిల్లకూ తిండి దొరుకుతుంది. తంగేడు గింజ పెంకు గట్టిది. మరిగించి దించిన నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి విత్తండి.

అపోహ: ప్యాకెట్లలో అమ్మే 'వైల్డ్ ఫ్లవర్' గింజలే అడవి పూలు.

వాటిలో ఎక్కువగా ఉండే కాస్మోస్, జిన్నియా మెక్సికో వైపు నుంచి వచ్చినవి. చెడ్డవి కావు, తేనె ఇస్తాయి. కాకపోతే ఒంటి రేకుల రకం తీసుకోండి. ముద్దపూలు మన కంటికే అందం, సీతాకోకచిలుక నాలుక తేనె దాకా వెళ్లడం కష్టం. మన అడవి పూలు పొలం గట్టు మీదే ఉన్నాయి: తుమ్మి, సహదేవి, వెంపలి, ములుగోరింట. కలుపని పీకి పారేస్తున్నవి ఇవే. లాంటానా మాత్రం నాటకండి. దాని తేనెకు సీతాకోకచిలుకలు మూగుతాయి, నిజమే. కానీ పిట్టలు పండ్లు తిని గింజలను అడవంతా చల్లుతాయి, కింద ఇంకో మొక్కను లేవనివ్వదు.

అపోహ: పురుగు ఆకు తింటే మొక్క చచ్చిపోతుంది.

నాటుకున్న కరివేపాకు చెట్టు మళ్లీ చిగురిస్తుంది. ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించేది నిమ్మ సీతాకోకచిలుక పిల్లే. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది, ముట్టుకుంటే తల వెనక నుంచి ఘాటు వాసన కొట్టే కొమ్ములు బయటపెడుతుంది. హాని లేదు. చిన్న కుండీలో ఉన్న మొక్క అయితే ఒకటి రెండు పురుగులను ఉంచి మిగతావి పెద్ద నిమ్మచెట్టు మీదికి మార్చండి. వేపనూనె సహజమే కదా అని కొడతారు, కానీ అది కూడా పురుగును కుబుసం విడవనివ్వదు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులైతే మొక్క లోపలికి పాకి తేనెలోకి, పుప్పొడిలోకీ చేరతాయి. మా వ్యాపారం గురించే చెబుతున్నా: మొక్క కొనేటప్పుడు ఏ మందు కొట్టారో అడిగి కొనండి. ఇంటి పక్క చేను పత్తిదో మిర్చిదో అయితే, ఈ మొక్కలను ఆ వైపు కాకుండా ఇంటికి ఇటువైపు పెట్టండి.

అపోహ: జిల్లేడు ఇంటి దగ్గర ఉండకూడదు.

పాలు కంట్లో పడితే ప్రమాదం, అంతవరకు నిజం. పిల్లలు తిరగని ప్రహరీ మూలన ఒక్కటి ఉంచండి. నారింజ రంగు ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్లలు తినేది ఆ ఆకే. అందులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి కాబట్టి పిట్టలు వాటి జోలికి రావు.

అపోహ: చిమ్మటలన్నీ బట్టలు కొరికేవే.

చిమ్మటలంటే ఎక్కువగా రాత్రిళ్లు తిరిగే, సీతాకోకచిలుకల్లాంటి రెక్కల పురుగులు. ఉన్ని, పట్టు తినేవి కొద్ది జాతులే, అదీ వాటి పిల్లలు. ప్రాణహిత, గోదావరి అవతల చెన్నూరు, మహదేవపూర్ వైపు మద్దిచెట్ల మీద పెంచే దసలి పట్టుపురుగు కూడా చిమ్మట పిల్లే. రెక్కలొచ్చిన దసలి చిమ్మట అసలేమీ తినదు, దానికి తినే నోరే ఉండదు. ఇక పెరట్లో బొప్పాయి పూలకు చీకటి పడ్డాక వచ్చే పెద్ద హాక్ చిమ్మటలు పుప్పొడి మోసి కాయ కట్టిస్తాయి. గన్నేరు, నందివర్ధనం మీద బొటనవేలంత లావు ఆకుపచ్చ పురుగు, మెడ మీద నీలి కళ్లలాంటి మచ్చలతో కనిపిస్తే భయపడి చంపకండి. అది ఓలియాండర్ హాక్ చిమ్మట పిల్ల, కుట్టదు. దురద పెట్టేది ఒంటి నిండా వెంట్రుకలున్న గొంగళి. దాన్ని చేత్తో ముట్టకండి.

చిమ్మటల కోసం ఆకాశమల్లె, పారిజాతం లాంటి తెల్లటి వాసన పూలు పెట్టి, పెరట్లో రాత్రంతా తెల్ల ఎల్ఈడీ వెలిగిస్తే లాభం లేదు. పూలు వదిలేసి బల్బు చుట్టే తిరుగుతాయి. పని లేనప్పుడు ఆర్పేయండి.

అపోహ: నీళ్ల తొట్టి పెట్టాలి.

తొట్టి కన్నా తడి మట్టి మేలు. మగవి బురదలోని ఉప్పు కోసం గుంపుగా వాలతాయి. బోరు దగ్గర నీళ్లు జారే చోట సిమెంటు చేయకుండా వదిలేస్తే సరిపోతుంది.