ఇంప్లాంట్ అపోహలు: స్క్రూ పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు

"ఇంప్లాంట్ బెంగళూరులో వేయించుకున్నాం సార్, క్యాపు మీరు బిగించేయండి." తిరుపతిలో ప్రాక్టీసు చేసే ప్రతి డెంటిస్టూ వినే మాటే ఇది. ఏ కంపెనీది అని అడిగితే, "కొరియాదని చెప్పినట్టున్నారు" అంటారు.

అపోహ: అన్నీ టైటానియమే కదా, ఎవరి అబట్‌మెంటైనా పడుతుంది.

పడదు. అబట్‌మెంట్ అంటే ఇంప్లాంటుకీ పై క్యాపుకీ మధ్య స్క్రూతో బిగించే ముక్క. అది దిగే ఫిక్చర్ (ఎముకలో ఉండే ఇంప్లాంట్ భాగం) లోపలి కనెక్షన్ ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. కొన్నిటికి ఆరు పలకల హెక్స్, కొన్నిటికి కోన్. ఆ కోన్ వాలు కూడా ఒకటి కాదు: ఆస్టెమ్ కంపెనీ టీఎస్ మోడల్‌కి 11 డిగ్రీలు, స్ట్రామన్ కంపెనీ బోన్ లెవెల్ మోడల్‌కి 15. కంటికి ఒకేలా కనిపిస్తాయి, స్క్రూ కూడా తిరుగుతుంది. కానీ గోడలు సరిగ్గా ఆనకపోతే నమిలే బరువంతా ఆ సన్నటి స్క్రూ మీదే పడుతుంది. ముందు వదులవుతుంది. మళ్లీ బిగిస్తారు. చివరికి లోపలే విరుగుతుంది.

పుత్తూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు అదే జరిగింది. ఆర్వీజీలో (పంటి డిజిటల్ ఎక్స్‌రేలో) అబట్‌మెంట్ కింద వెంట్రుకంత నల్లగీత, అంటే సరిగ్గా ఆనని సందు, ఫిక్చర్ లోపల విరిగిన స్క్రూ ముక్క. అంతకుముందు ఊడినప్పుడల్లా ఎవరో బిగించి పంపారట. అల్ట్రాసోనిక్ కొనతో ఆ ముక్కను కొద్దికొద్దిగా వెనక్కి తిప్పి తీశాను. లోపలి మరలు చెడి ఉంటే, ఎముకలో గట్టిగా ఉన్న ఇంప్లాంటునే తీసేయాల్సి వచ్చేది. "ఇంప్లాంటే పోయిందేమో అనుకున్నాం సార్" అని ఆయన భార్య ఏడ్చేశారు.

పోలేదమ్మా. క్యాపు కదిలితే ఇంప్లాంట్ ఫెయిలైనట్టు కాదు, చాలాసార్లు స్క్రూ వదులవడమే. అలాగని వారాల తరబడి దానితోనే నమలకండి.

వేరే కంపెనీ పార్టు అసలు వాడకూడదన్నదీ నిజం కాదు. ఫలానా మోడల్‌కి, ఫలానా సైజుకి అని కొలిచి చేసిన మంచి పార్టులున్నాయి. ఒరిజినల్ దొరికితే నేను అదే వేస్తాను. ఉత్తినే "కంపాటిబుల్" అని అమ్మేవాళ్ల మాట మాత్రం నమ్మను. ఇంప్లాంట్ ఉంటే ఎమ్మారై తీయరన్నది వట్టి పుకారు. టెక్నీషియన్‌కి ముందే చెబితే చాలు.

ఇంప్లాంట్ డబ్బాలో మోడల్, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి అడిగి తీసుకోండి, ఫోటో తీసి పిల్లలకు వాట్సాప్ చేయండి. లేదంటే వేసిన క్లినిక్‌కి ఫోన్ చేయండి. అదీ కుదరకపోతే టెన్షన్ వద్దు, ఎక్స్‌రే చూసి మోడల్ పట్టుకోవడానికి తరచూ వీలవుతుంది. అది తేలేదాకా ఎవరినీ బిగించనివ్వకండి.