రిజర్వేషన్ బెర్తు: హక్కు ఎంతవరకు, మర్యాద ఎక్కడి నుంచి? కొన్ని అపోహలు - వాస్తవాలు

రిజర్వేషన్ బోగీలో టీటీఈ (టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగి) దగ్గరకు వచ్చే తగాదాలన్నీ టికెట్ లేనివారి వల్ల పుట్టేవి కావు. చేతిలో సరైన టికెట్ ఉన్న ఇద్దరు ప్రయాణికుల మధ్యే చాలా వివాదాలు తలెత్తుతాయి. ఒకరు తన హక్కును ఉన్నదానికంటే పెద్దదిగా ఊహించుకుంటారు. మరొకరు ఎదుటివారు చూపవలసిన మర్యాదను తన హక్కుగా లెక్క వేసుకుంటారు. టికెట్ తనిఖీ విధుల్లో తరచూ వినిపించే అపోహలను, వాటి వెనుక ఉన్న నిబంధనలను ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: లోయర్ బెర్తు నా పేరున ఉంది కాబట్టి ఎక్కింది మొదలు దిగేవరకు అది నాదే.

వాస్తవం: భారతీయ రైల్వేలో బెర్తు మీద పడుకునే హక్కు రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకే ఉంటుంది. అంతకు ముందు, ఆ తరువాత అదే బెర్తు మిడిల్, అప్పర్ బెర్తుల వారికి కూడా కూర్చునే స్థలం. పూర్వం ఈ వ్యవధి రాత్రి 9 గంటలకే మొదలయ్యేది. 2017 ఆగస్టులో రైల్వే బోర్డు దానిని ఒక గంట వెనక్కు జరిపింది. పాత సమయమే గుర్తున్నవారు ఇప్పటికీ తొమ్మిదింటికే దుప్పటి పరుస్తారు. ఈ నియమం మిడిల్ బెర్తు వారికీ రెండు వైపులా వర్తిస్తుంది: పది దాటాక బెర్తు ఎత్తి గొలుసులకు తగిలించుకుంటానంటే కింద కూర్చున్నవారు లేవవలసిందే, ఉదయం ఆరు దాటాక కిందివారు కూర్చుంటామంటే మిడిల్ బెర్తు వారు దానిని దించవలసిందే. అనారోగ్యంతో ఉన్నవారు, దివ్యాంగులు, గర్భిణులు ఈ సమయాలకు మించి పడుకోవలసి వస్తే తోటివారు సహకరించాలని ఆ ఆదేశమే కోరింది. మధ్యాహ్నం కాసేపు నడుము వాల్చాలనుకుంటే మిగిలినవారిని ఒక మాట అడగడం చాలు. అందరూ సమ్మతిస్తే అడ్డుచెప్పే నిబంధన ఏదీ లేదు. అడగకుండా కాళ్లు చాపినప్పుడే విషయం మా దాకా వస్తుంది.

సైడ్ బెర్తుల విషయంలోనూ ఇదే పద్ధతి. సైడ్ అప్పర్ ప్రయాణికుడు పగలు కింద కూర్చోవచ్చు గాని, రాత్రి 10 నుంచి 6 వరకు సైడ్ లోయర్ మీద అతనికి ఎలాంటి హక్కూ ఉండదు.

అపోహ: పెద్దవారికి అప్పర్ బెర్తు వస్తే, కుర్రవాళ్లను లేపి లోయర్ బెర్తు ఇప్పించడం టీటీఈ బాధ్యత.

వాస్తవం: ఒకరికి ఖరారైన బెర్తును బలవంతంగా మరొకరికి ఇప్పించే అధికారం టీటీఈకి లేదు. ఖాళీ లోయర్ బెర్తు ఉంటే అవసరమైనవారికి కేటాయించగలడు, లేకపోతే బతిమాలగలడు. నిజానికి మేము ఎక్కువగా చేసేది ఆ రెండో పనే. వృద్ధులకు, 45 ఏళ్లు, ఆపై వయసున్న మహిళలకు, గర్భిణులకు లోయర్ బెర్తుల కోటా ఉంది. స్లీపర్ బోగీకి ఆరు లేదా ఏడు బెర్తులు అలా కేటాయిస్తారు. 2020 మార్చిలో వృద్ధుల ఛార్జీ రాయితీ ఆగిపోయింది గాని, ఈ కోటా ఆగలేదు. అయితే ఇది ఒంటరిగా, లేదా అర్హులైన ఇద్దరు మాత్రమే కలిసి ప్రయాణించేవారికి వర్తిస్తుంది. తల్లిదండ్రులతో పాటు పిల్లలను, మనవలను ఒకే టికెట్‌పై చేర్చినప్పుడు ఆ పెద్దలు కోటా పరిధిలోకి రారు. ఆ సంగతి తెలియక కుటుంబమంతా ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండాలని పట్టుబట్టి, రైలెక్కాక లోయర్ బెర్తు కోసం పక్కవారి మీద కోపగించుకోవడం న్యాయం కాదు. ఒకే తరగతిలోని ఇద్దరు ఇష్టపూర్వకంగా బెర్తులు మార్చుకోవడంలో తప్పు లేదు. ఆ మాట టీటీఈకి చెబితే అర్ధరాత్రి మరెవరినో లేపే పరిస్థితి రాదు.

అపోహ: ఆర్‌ఏసీ (పూర్తి బెర్తు ఖరారు కాక, కూర్చునే చోటు మాత్రమే దక్కిన టికెట్) అంటే సగం ఛార్జీ, సగం హక్కు.

వాస్తవం: ఛార్జీ పూర్తిగానే తీసుకుంటారు, కూర్చునే చోటు ఖాయంగా ఉంటుంది. ఒక సైడ్ లోయర్‌ను ఇద్దరు పంచుకుంటారు, ఇద్దరిదీ సమాన హక్కే. ముందుగా ఎక్కినవారు కిటికీ పక్కన కాళ్లు చాపుకున్నంత మాత్రాన రెండోవారు అతిథి అయిపోరు. ఖరారైన ప్రయాణికుడు రాకపోవడం వల్ల మిగిలిన బెర్తు మొదట ఆర్‌ఏసీ వారికే దక్కాలి. ఖాళీగా కనిపించిందని ఎవరు పడితే వారు పడుకోవడానికి అది వీలివ్వదు.

అపోహ: వెయిటింగ్ లిస్టు టికెట్‌కు డబ్బు కట్టాం కాబట్టి, సీటు లేకపోయినా స్లీపర్ బోగీలో నిలబడి వెళ్లవచ్చు.

వాస్తవం: ఆన్‌లైన్‌లో తీసుకున్న టికెట్‌లో చార్టు (బెర్తుల తుది జాబితా) తయారయ్యాక కూడా అందరూ వెయిటింగ్‌లోనే ఉంటే, టికెట్ దానంతటదే రద్దయి డబ్బు ఖాతాలోకి తిరిగి వస్తుంది. దానితో రైలెక్కినవారిని టికెట్ లేని ప్రయాణికులుగానే పరిగణిస్తారు. ఛార్జీకి తోడు అంతే మొత్తమో, కనీసం రూ.250 జరిమానానో చెల్లించవలసి ఉంటుంది. కౌంటరులో తీసుకున్న వెయిటింగ్ టికెట్‌తో జనరల్ బోగీలో ప్రయాణించవచ్చు గాని, రిజర్వేషన్ బోగీలో చెల్లదు.

అపోహ: పిల్లవాడికి అర టికెట్ తీసుకున్నాం కాబట్టి వాడికీ బెర్తు ఉండాలి.

వాస్తవం: 2016 ఏప్రిల్ నుంచి 5 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు విడిగా బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ చెల్లించాలి. సగం ఛార్జీకి బెర్తు రాదు.

అపోహ: రాత్రి పది దాటాక టికెట్ అడగకూడదు.

వాస్తవం: నిద్రలో ఉన్న ప్రయాణికులను తనిఖీ పేరుతో ఇబ్బంది పెట్టవద్దన్నది నిజమే. కానీ పది తరువాత ఎక్కినవారి టికెట్ చూడక తప్పదు.

అపోహ: నా బెర్తులో కూర్చున్నవారిని నేనే లేపి పంపేయవచ్చు.

వాస్తవం: అడగవచ్చు, వినకపోతే చేయి చేసుకోకూడదు. 1989 రైల్వే చట్టంలోని 155వ సెక్షన్ ప్రకారం, ఇతరుల పేరున ఉన్న బెర్తును ఆక్రమించినవారు రైల్వే ఉద్యోగి చెప్పినా కదలకపోతే వారిని అక్కడి నుంచి తొలగించవచ్చు, రూ.500 వరకు జరిమానా పడవచ్చు. టీటీఈ కనిపించకపోతే రైల్వే సహాయ నంబరు 139కి ఫోన్ చేయవచ్చు. ఇదే సెక్షన్‌లో చాలామందికి తెలియని రెండో భాగం కూడా ఉంది: తమకు రిజర్వు కాని బోగీలోకి చట్టబద్ధంగా ఎక్కబోయే తోటి ప్రయాణికుడిని అడ్డుకోవడం కూడా నేరమే, దానికి రూ.200 వరకు జరిమానా ఉంది. జనరల్ బోగీ తలుపు లోపలి నుంచి గడియ పెట్టి, స్టేషన్‌లో ఎంత తట్టినా తీయనివారికి ఈ భాగం వర్తిస్తుంది.