పొరుగు దేశంతో మాటలు ఆగిపోయాయా? కొన్ని అపోహలు, వాస్తవాలు

విదేశాంగ శాఖలో చాలా ఏళ్లు కాన్సులర్ పని, అంటే విదేశాల్లో చిక్కుకున్న మనవాళ్ల బాగోగుల పని చూసి, రిటైరయ్యాక విశాఖలోనే ఉంటున్నాను. ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్తే ఎవరో ఒకరు ఆపి అడుగుతారు: "ఆ దేశంతో మాటలు లేవంట కదా బాబూ, జైల్లో ఉన్న మావోళ్ల సంగతేటి?" వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: రాయబారిని పంపేశారంటే సంబంధాలు తెగినట్టే.

తెగవు. పెద్దాయన వెళ్లిపోయినా ఆయన తర్వాతి అధికారి కార్యాలయం నడుపుతారు. 1962 యుద్ధం తర్వాత 1976 దాకా చైనాలో మనకు రాయబారి లేరు, అయినా రాయబార కార్యాలయం మూతపడలేదు.

మన జిల్లాల వాళ్లకు గుర్తుండే సంగతి చెబుతాను. గుజరాత్‌కు వలస వెళ్లి అక్కడి పడవల మీద వేట చేస్తున్న ఉత్తరాంధ్ర మత్స్యకారులను 2018 నవంబరులో పాకిస్థాన్ పట్టుకుంది. మూడు నెలలు తిరక్కుండానే పుల్వామాలో మన జవాన్ల మీద దాడి, దానికి బదులుగా పాకిస్థాన్‌లోని బాలాకోట్ మీద మన వైమానిక దాడి. 2019 ఆగస్టులో కశ్మీర్ ప్రత్యేక హోదా రద్దవగానే పాకిస్థాన్ అక్కడి మన హైకమిషనర్‌ను, అంటే రాయబారిని, వెళ్లిపొమ్మంది, వ్యాపారం ఆపేసింది. అలాంటి రోజుల్లోనే అక్టోబరు 24న రెండు దేశాల అధికారులు కర్తార్‌పూర్ కారిడార్ (మన సిక్కు యాత్రికులు పాకిస్థాన్‌లోని గురుద్వారాకు వెళ్లే దారి) ఒప్పందం మీద సంతకాలు చేశారు. 2020 జనవరి 6న మనవాళ్లు 20 మంది వాఘా దగ్గర సరిహద్దు దాటి వచ్చారు.

దీని వెనక 2008లో కుదిరిన ఒక ఒప్పందం ఉంది. ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న అవతలివాళ్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. 2025 మేలో సరిహద్దు అటూ ఇటూ క్షిపణులు, డ్రోన్లు ఎగిరాయి. జులై 1న జాబితాలు మాత్రం చేతులు మారాయి.

జాబితాలో పేరు ఉంటే సరిపోదు. ఆ మనిషి మనవాడేనని మన ప్రభుత్వం ధ్రువీకరించాలి, అందుకోసం పోలీసులు ఊరికెళ్లి విచారించాలి. తెలుగువాళ్ల పేర్లతో చిక్కు ఇక్కడే. అవతలి జైలు రికార్డులో ఇంటిపేరు ఎగిరిపోతుంది. ఊరి పేరు ఉర్దూలోకి, అక్కణ్నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. ఒక కుర్రాడి ఫైలు ఊరి పేరులో ఒక్క అక్షరం తేడా వల్ల నా బల్ల మీదే నెలల తరబడి ఆగింది. వాళ్లమ్మ గొంతు నాకింకా గుర్తుంది.

అపోహ: గొడవలో ఉండగా చర్చలకు వెళ్లడమంటే తలవంచడమే.

2024 ఆగస్టు 5న ప్రధాని షేక్ హసీనా పదవి పోయి ఢాకా వదిలి మన దేశానికి వచ్చాక బంగ్లాదేశ్‌తో మన సంబంధాలు బాగా దెబ్బతిన్నాయి. డిసెంబరు 9న మన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ ఢాకా వెళ్లి, మైనారిటీల భద్రత గురించి మన ఆందోళనను వాళ్ల ఎదుటే కూర్చుని చెప్పారు. నెల తిరిగేసరికి, 2025 జనవరిలో, 95 మంది మన మత్స్యకారులు ఇటు, 90 మంది వాళ్ల మత్స్యకారులు అటు సముద్రంలోనే పడవలు దాటించుకుని ఇళ్లకు చేరారు. ఆ పర్యటన వల్లే ఇది జరిగిందని నేను అనను. ఎదురుగా కూర్చోవడం మానేస్తే మాత్రం ఇలాంటివి జరగవు.

అపోహ: సంయుక్త ప్రకటన రాకపోతే చర్చలు విఫలమైనట్టే.

లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణ జరిగిన ఏడాది, 2020లో, మొదలైన రెండు దేశాల సైనిక కమాండర్ల సమావేశాలు 2024 ఫిబ్రవరి నాటికి 21 విడతలయ్యాయి. చాలాసార్లు ప్రకటనలో చెప్పుకోదగ్గ విషయమే లేదు. సరిహద్దు గస్తీ మీద అవగాహన కుదిరింది 2024 అక్టోబరులో. "చర్చలు నిర్మొహమాటంగా సాగాయి" అని పేపర్లో చదివితే, లోపల గట్టిగా వాదించుకున్నారని అర్థం చేసుకోండి. వాదించుకున్నవాళ్లు మళ్లీ కూర్చుంటారు.

ఇక తలుపులు మూసి మాట్లాడితే దేశాన్ని అమ్మేస్తున్నారనే మాట. బేరం బజార్లో ఆడితే ఎవరూ అంగుళం కదలలేరు. కుదిరిన ఒప్పందాన్ని ప్రజల ముందు పెట్టాలని అడగండి, అది మీ హక్కు.

వేటకెళ్లేవాళ్ల ఇంట్లో ఆడవాళ్లకు ఒక మాట. ఆధార్ నకలు, ఫొటో, పడవ రిజిస్ట్రేషన్ నంబరు ఒక సంచిలో పెట్టుకోండి. పేరు, తండ్రి పేరు, ఊరు ఆధార్‌లో ఎలా ఉన్నాయో అక్షరం తప్పకుండా ఇంగ్లీషులోనూ రాయించి ఉంచండి. పట్టుకున్నారని తెలిసిన రోజే మత్స్యశాఖ ఆఫీసులో రాసిచ్చి, తీసుకున్నట్టు సంతకం అడగండి.