యూరియా కరిగింది, పైరుకు అందలేదు: అపోహలు - వాస్తవాలు

సీజన్‌లో పొద్దున్న ఆరింటికే మా రైతు సేవా కేంద్రం ముందు క్యూ ఉంటుంది. మనుషులు వేపచెట్టు కింద, చెప్పులు వరసలో. "ఇంక యూరియా లోడు రాదట, నిజమేనా మేడమ్?" అని అడుగుతారు. ఎవరో ఫోన్‌లో పెట్టిన ముక్క అది. అలాంటివి పుట్టించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. క్యూలో ఉన్నవాళ్ల మీద మాత్రం కోపం రాదు. ఉభాలు, అంటే వరి నాట్లు, అయి మూడు వారాలు దాటాక పైరు పసుపు తిరుగుతుంటే ఎవరికైనా టెన్షనే.

నా బాధ అంతా ఆ బస్తా పొలం చేరాక జరిగేదాని గురించే.

అపోహ: మడి నిండా నీళ్లుంటేనే యూరియా కరిగి వేళ్లకు అందుతుంది.

వాస్తవం: కరుగుతుంది, కానీ చాలావరకు అందదు. నీళ్లలో కరిగిన యూరియా కొద్ది రోజుల్లోనే అమ్మోనియాగా మారుతుంది. ఎండకు నాచు పనిచేసి మధ్యాహ్నానికి నీటికి క్షారగుణం పెరుగుతుంది, దాంతో అమ్మోనియా గాలిలోకి లేచిపోతుంది. మిగిలినదాంట్లో కొంత గండిలోంచి కింది మడికి పోతుంది. చెరువు కింద మడి నుంచి మడికి నీరు పారే చోట డబ్బు మీది, పచ్చదనం పక్కవాడిది. వరికి వేసిన నత్రజనిలో సాధారణంగా పైరు తీసుకునేది 30 నుంచి 40 శాతమే. 45 కిలోల బస్తాలో నత్రజని 20.7 కిలోలు. అంటే దక్కేది ఆరు నుంచి ఎనిమిది కిలోలు.

నీళ్లు తీసేసి, బురద పదునుగా ఉన్నప్పుడు సాయంత్రం పూట చల్లండి. గండ్లు కట్టేసి, ఒకట్రెండు రోజులాగి పలచగా నీళ్లు పెట్టండి.

"తీసేస్తే మళ్లీ నీళ్లెవరిస్తారమ్మా?" అని పద్మనాభం మండలం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. వాన మీద ఆధారపడినవాళ్లు ఉన్న నీళ్లు వదలొద్దు, అవి ఇంకేదాకా ఆగండి. ఈలోగా యూరియాకు ఐదు రెట్లు తేమ మట్టి కలిపి రెండు రోజులుంచి, అప్పుడు చల్లండి.

ఆయనకు నమ్మకం కలగలేదు. గాజుసీసాలో ఆయన మడి బురదే వేసి, పైన నీళ్లు పోసి, గుప్పెడు యూరియా వేశాను. పసుపు రాసిన తడి కాగితం మూత లోపల అంటించి బిగించాను. మూడో రోజు మూత తీస్తే, పైకి లేచిన అమ్మోనియాకు పసుపు కాగితం పారాణిలా ఎర్రబడి ఉంది. ఘాటు ముక్కుకు కొట్టి ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

ఈ అపోహకు వీడియోలు కూడా కొంత కారణం. ఉత్తరాదిలో గోధుమ విత్తిన సుమారు 21 రోజులకు మొదటి తడితో పాటు యూరియా ఇస్తారు. ఆ నేల ఆరి ఉంటుంది, నీటితో పాటు ఎరువూ లోపలికి దిగుతుంది. దమ్ము చేసిన, అంటే నీళ్లలో దున్ని బురద చేసిన, మన మడి అలా మింగదు. వాళ్లది చూసి ఇక్కడ చేయకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. యూరియాకు వేప పూత ఉంది కదా అని ఎప్పుడు పడితే అప్పుడు వేయకండి, ఆ పూత అమ్మోనియా పోవడాన్ని ఆపదు. నానో యూరియా సీసా బస్తాకు సమానం కాదు: సీసాలో నత్రజని గ్రాముల్లో, బస్తాలో కిలోల్లో. పైరు నల్లగా, అంటే ముదురు పచ్చగా, ఉంటే మంచి పంట అనుకోవడం ఇంకో పొరపాటు. సుడిదోమకు, అగ్గితెగులుకు అదే విందు. ఆకుల మీద తుప్పు మచ్చలుంటే అది జింకు లోపం కావచ్చు, ముందు ఆకు కోసుకుని నాకు చూపించండి.

పెద్దాయన ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లారు. మర్నాడు పై మడి రైతు వచ్చి, "ఆ పసుపు కాగితం నాకూ ఒకటివ్వండి మేడమ్" అన్నాడు.