ఒకాంక్వో విషాద నాయకుడే, కానీ మనం రాసే కారణాలకు కాదు: అపోహలు - వాస్తవాలు

చినువా అచెబె 1958లో ప్రచురించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ ఇంగ్లీషు సాహిత్యం చదివే మన విద్యార్థులు చాలామందికి పాఠ్యపుస్తకం. నైజీరియాలోని ఇగ్బోల కథ ఇది. ఉమోఫియా అనే తొమ్మిది ఊళ్ళ సముదాయంలో ఒకాంక్వో పైకొచ్చి, కూలిపోతాడు. అతను విషాద నాయకుడేనా అన్న పరీక్ష ప్రశ్నకు ‘అతనికి కోపం ఎక్కువ, పైగా తెల్లవాళ్ళు వచ్చారు’ అని రెండు ముక్కల్లో తేల్చేసే జవాబులే ఎక్కువగా కనిపిస్తాయి. నవల దగ్గరపెట్టుకుని ఒక్కో మాటా సరిచూస్తే చాలావరకు నిలవవు.

అపోహ: ఒకాంక్వో అంటే ఇగ్బో సంప్రదాయానికి నిలువెత్తు రూపం.

వాస్తవం: అన్నిటికన్నా పాతుకుపోయిన అపోహ ఇదే. సంప్రదాయం కోసం ప్రాణమిచ్చినవాడని మనం రాసే మనిషి, ఆ సంప్రదాయాన్ని పదేపదే మీరుతాడు.

నాలుగో అధ్యాయం చూడండి. నాట్లకు ముందు వచ్చే శాంతి వారంలో ఎవరి మీదా చెయ్యెత్తకూడదు. ఒకాంక్వో చిన్న భార్య ఒజియుగోను కొడతాడు. భూదేవత పూజారి ఇంటికొచ్చి మందలించి జరిమానా వేస్తాడు: ఒక ఆడమేక, ఒక కోడిపెట్ట, ఒక గుడ్డ, వంద గవ్వలు. అదే అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. సభలో తనకు ఎదురు మాట్లాడిన ఒక మనిషిని, బిరుదు లేనివాడని, ‘ఇది మగాళ్ళ సభ’ అని తీసిపారేస్తాడు. సభంతా ఆ మనిషి పక్షాన నిలబడుతుంది. ఉమోఫియాకు ఒకాంక్వో బలమంటే గౌరవమే. ఆ నోటి దురుసు మాత్రం దానికి నచ్చదు.

ఇక ఏడో అధ్యాయం. పొరుగున ఉన్న ఎంబైనో వాళ్ళు ఉమోఫియా స్త్రీని చంపినందుకు పరిహారంగా ఇచ్చిన కుర్రాడు ఇకెమెఫునా. మూడేళ్ళు ఒకాంక్వో ఇంట్లోనే పెరిగి, అతన్ని ‘నాన్నా’ అని పిలుస్తాడు. కుర్రాణ్ణి చంపాలని దైవవాణి చెప్పిందన్న కబురు తెచ్చిన పెద్దాయన ఎజెయుడు ఆ కబురుతోపాటే ఇంకో మాట కూడా చెప్తాడు: వాడు నిన్ను నాన్నా అంటాడు, ఈ చావులో నీ చెయ్యి ఉండకూడదు.

అడవి దారిలో ఏం జరిగిందో వరసగా చదవాలి. ఇకెమెఫునా నెత్తిన కల్లుకుండ. ఒకాంక్వో నడక తగ్గించి వెనక్కి జరిగిపోతాడు. మొదటి దెబ్బ వేసింది ఇంకొకడు, ఆ క్షణంలో ఒకాంక్వో మొహం తిప్పేసుకుంటాడు. కుండ ఇసుకలో పడి పగులుతుంది. ‘నాన్నా, నన్ను చంపేశారు’ అని కుర్రాడు తనవైపే పరుగెత్తుకొస్తుంటే అప్పుడు కత్తి దూస్తాడు. పిరికివాడనుకుంటారేమోనన్న భయంతోనే ఆ పని చేశాడని రచయితే రాశాడు. దైవాజ్ఞ పాటించడానికి అతని కత్తి అక్కరలేదు, పని అప్పటికే మొదలైంది. తర్వాతి అధ్యాయంలో మిత్రుడు ఒబియెరికా ఇదే విప్పి చెప్తాడు: నా కొడుకును చంపమని దైవవాణి చెప్తే కాదనను, కానీ చంపేవాణ్ణి నేను కాను.

సంప్రదాయానికి ప్రతినిధి ఎవరని పరీక్షలో అడిగితే ఒబియెరికా పేరు రాయడం నయం.

అపోహ: అతని హమార్షియా (విషాద నాయకుణ్ణి కూల్చే లోపం) కోపం.

వాస్తవం: కోపం పైకి కనిపించేది. లోపల ఉన్నది భయం. రెండో అధ్యాయంలోనే రచయిత దాచకుండా చెప్పేశాడు, అతని బతుకంతా ఓటమి భయం, బలహీనుణ్ణనిపించుకుంటానన్న భయం నడిపించాయని. దాని మూలం తండ్రి ఉనోకా. వేణువు వాయించుకుంటూ, ఊరంతా అప్పులు చేసి, ఒక్క బిరుదైనా పొందకుండా పోయినవాడు. తండ్రి ఇష్టపడినవన్నీ ఒకాంక్వో అసహ్యించుకున్నాడు. వాటిలో సోమరితనంతోపాటు మెత్తదనం కూడా ఉంది.

జవాబులో భయం అని రాసి వదిలెయ్యకండి. అది ఎవరి మీద పనిచేసిందో చూపండి. కొడుకు న్వోయెలో తాత పోలికలు కనిపించినప్పుడల్లా తిట్టి, కొట్టి దూరం చేసుకుంటాడు. కూతురు ఎజిన్మా అంటే ప్రాణమైనా, ఇది మగపిల్లాడై పుట్టుంటే బాగుండేదనుకుంటాడే తప్ప ఆ ప్రేమను బయటపెట్టడు.

అపోహ: విషాద నాయకుడికి గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ చెప్పిన లక్షణాలన్నీ ఒకాంక్వోకు సరిపోతాయి.

వాస్తవం: కొన్ని సరిపోతాయి, కొన్ని సరిపోవు. సరిపోనివి కూడా రాస్తేనే జవాబుకు బలం.

అతను గొప్ప వంశంలో పుట్టలేదు. తండ్రి నుంచి గాదె గానీ బిరుదు గానీ రాలేదు. ఊళ్ళోని ధనికుడు న్వాకిబియె దగ్గర 800 విత్తనపు పెండలం దుంపలు పాలుకు తెచ్చుకుని సేద్యం మొదలుపెట్టాడు. అలా తెచ్చుకున్నవాడికి పంటలో దక్కేది మూడో వంతే. ఆ ఏడే ముందు వానలు ఎండగట్టాయి, తర్వాత ముంచెత్తాయి. ఇగ్బోల్లో పుట్టుకకన్నా సాధించినదానికే విలువ. రాజే లేని సమాజంలో రాజవంశపు నాయకుణ్ణి వెతకడం పనికిరాని శ్రమ. ఒకాంక్వో తల్లి ఊరు ఎంబాంటాకు వచ్చిన మిషనరీలు కూడా ‘మీ రాజెవరు’ అని అడిగి, లేడన్న జవాబే విన్నారు.

రెండో చిక్కు ప్రవాసం. ఎజెయుడు అంత్యక్రియల్లో ఒకాంక్వో తుపాకీ పేలి, చనిపోయిన ఆ పెద్దాయన కొడుకే బలవుతాడు. తెలియక జరిగిన హత్యకు శిక్ష ఏడేళ్ళ ప్రవాసం, తల్లి పుట్టిన ఊరు ఎంబాంటాకు పోవాలి. ఇది హమార్షియా ఫలితమని రాస్తే తప్పు, తుపాకీ పేలడం ప్రమాదం. అయితే ఇకెమెఫునా విషయంలో హెచ్చరించిన మనిషి అంత్యక్రియలే ఎందుకయ్యాయన్నది ఆలోచించాల్సిందే. ‘నువ్వు చేసినది భూదేవతకు నచ్చదు’ అని ఒబియెరికా ముందే అని ఉన్నాడు. ఆ రెంటినీ రచయిత పక్కపక్కన పెట్టాడు, ఒకటి ఇంకొకదానికి శిక్ష అని ఎక్కడా చెప్పలేదు. మీరూ అంతవరకే చెప్పండి.

మూడోది ఆత్మజ్ఞానం. 24వ అధ్యాయంలో తెల్లవాళ్ళ కోర్టు బంట్రోతును నరికాక, మిగతా బంట్రోతులను జనం పోనివ్వడం చూసి ఉమోఫియా యుద్ధానికి రాదని అతనికి అర్థమవుతుంది. తన వాళ్ళ గురించి తెలుసుకున్నాడు, తన గురించి కాదు. చివరికి తానెవరో తెలుసుకునే గ్రీకు విషాద నాయకుడు ఈడిపస్‌తో పోల్చేటప్పుడు తేడా పడేది ఇక్కడే.

అపోహ: చక్కగా ఉన్న సమాజాన్ని తెల్లవాళ్ళు వచ్చి కూల్చారు.

వాస్తవం: మొత్తం 25 అధ్యాయాల్లో మొదటి 13 ఊరి బతుకుకే ఇచ్చాడు అచెబె. తెల్లవాళ్ళ ప్రస్తావన అందులో నామమాత్రం. అక్కడి న్యాయసభలు, పెళ్ళిళ్ళు, కుస్తీలు ఎంత ప్రేమతో రాశాడో, అడవిలో పారేసిన కవల శిశువుల ఏడుపును, తర్వాతి భాగంలో వచ్చే, దేవతకు అంకితం చేసి వెలివేసిన ఓసులను అంత నిజాయితీగానూ రాశాడు. పగుళ్ళు ముందే ఉన్నాయి. న్వోయెను క్రైస్తవంలోకి లాగింది ఒకే దేవుడిలో ముగ్గురనే త్రిత్వ సిద్ధాంతం కాదు, అతనికది అర్థమే కాలేదు. చీకట్లో, భయంలో కూర్చున్న అన్నదమ్ముల గురించిన పాట, ఆ కవలల ఏడుపు గురించీ ఇకెమెఫునా గురించీ అతని మనసులో మెదులుతున్న ప్రశ్నకు జవాబులా వినిపించింది.

దీన్ని పట్టుకుని నవల వలస పాలనను సమర్థించిందనేవాళ్ళూ ఉన్నారు. అది ఇంకా పెద్ద తప్పు. ఒక తెల్లవాణ్ణి చంపినందుకు అబామె ఊరినే సంతరోజు చుట్టుముట్టి కాల్చేస్తారు. చర్చలని పిలిచి ఆరుగురు పెద్దలకు బేడీలు వేస్తారు. బ్రిటిష్ జిల్లా కమిషనర్ వేసిన జరిమానా 200 సంచుల గవ్వలైతే బంట్రోతులు ఊళ్ళో 250 అని చాటుతారు. ఆ తేడా ఎవరికి పోయిందో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఉమోఫియా ఎందుకు తిరగబడలేదన్న ప్రశ్నకు 21వ అధ్యాయం చదవాలి. తెల్లవాళ్ళ మతంతోపాటు దుకాణం వచ్చింది. పామాయిల్‌కు, గింజలకు మొదటిసారి మంచి ధర పలికి ఊళ్ళోకి డబ్బు పారింది. బడిలో చదివినవాళ్ళకు కోర్టులో ఉద్యోగాలొచ్చాయి. ప్రవాసం నుంచి ఒకాంక్వో తిరిగొచ్చింది ఈ ఊరికి. ఏడేళ్ళ కిందటి ఉమోఫియా కోసం అతను కత్తి పట్టాడు.

అపోహ: ఆత్మహత్య అతని వీరమరణం.

వాస్తవం: బంట్రోతును నరికాక ఒకాంక్వో ఉరేసుకుంటాడు. ఇగ్బోల దృష్టిలో ఆత్మహత్య భూమికి చేసే పాపం. ఆ శవాన్ని సొంత మనుషులు ముట్టుకోకూడదు. అందుకే శవాన్ని దింపమని కమిషనర్ మనుషులను ఒబియెరికా అడగాల్సి వచ్చింది. బతుకంతా తండ్రిలా కాకూడదని పరుగెత్తిన ఒకాంక్వోకు చివర్లో తండ్రి గతే పట్టింది. ఒళ్ళు ఉబ్బే జబ్బుతో ఉనోకానూ పాడు అడవిలో వదిలేశారు, సమాధి లేదు.

అయినా మొదటినుంచీ అతన్ని తప్పుబట్టిన ఒబియెరికాయే ‘ఉమోఫియా గొప్పవాళ్ళలో ఒకణ్ణి మీరు చావుకు నెట్టారు’ అని కమిషనర్ మొహం మీదే అంటాడు. ఈ రెండు మాటలూ కలిపి రాస్తేనే జవాబు పూర్తవుతుంది.

అపోహ: ఈ నవల, ఆఫ్రికా గురించి ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ రాసిన జోసెఫ్ కాన్రాడ్‌కు జవాబు.

వాస్తవం: కాన్రాడ్ మీద అచెబె ప్రసిద్ధ ప్రసంగం 1975 నాటిది, నవల వచ్చిన 17 ఏళ్ళకు. తనను రాయడానికి పురిగొల్పిన పుస్తకంగా ఆయన చెప్పుకున్నది జాయిస్ కేరీ నైజీరియా నేపథ్యంలో రాసిన నవల ‘మిస్టర్ జాన్సన్’ను.

అపోహ: తర్వాతి నవలలోని ఒబి ఒకాంక్వో, ఇతని కొడుకు.

వాస్తవం: మనవడు. 1960లో వచ్చిన ‘నో లాంగర్ ఎట్ ఈజ్’లో ఒబి తండ్రి ఐజాక్. మతం మారిన న్వోయె పేరే అది.